పెద్దింట్లమ్మ తెగ్గోసిన వంద పౌన్లు

మా ఇంట్లో చేపలు కొనడం నా పని కాదు, నా భార్య రత్నకుమారి పని. కొన్న చేప బాగాలేదని సణగడం నా పని. బందరులో మిషను బడి పిల్లలకు ఇంగ్లీషు చెప్పీ చెప్పీ నాకు సణగడం వృత్తిలో భాగమైపోయింది. జకరయ్య మాస్టారు నవ్వగా చూశామన్నవాళ్లు ఊళ్లో తక్కువ. అలాంటి నేను మంగినపూడి పెద్దింట్లమ్మ తెచ్చిన చేపకు ఏనాడూ వంక పెట్టలేదు. ఆమె పోయి కొన్నేళ్లయింది. ఇప్పటికీ అన్నంలోకి మంచి చేప తగిలినప్పుడల్లా ఆమెకు మనసులో దణ్ణం పెట్టుకునే తింటున్నాను.

పొడుగాటి మనిషి. తెల్లవారగానే తట్ట నెత్తిన పెట్టుకుని మంగినపూడి నుంచి బందరు దాకా నడిచొచ్చేది. మా అరుగు మీద తట్ట దించి, ముందు పిల్లల సంగతులు అడిగి, ఆ తర్వాతే చేప మాట ఎత్తేది. ధాన్యం ధర పడిపోయి, ఊళ్లో ఎవరి చేతిలోనూ డబ్బాడని రోజులవి. మాకు జీతాలు కోసి, ఆ కోసిన జీతాన్నైనా నెల దాటాక ఇచ్చేవారు. "ఇవాళొద్దులే పెద్దింట్లమ్మా" అని రత్నకుమారి తలుపు దగ్గరే చెప్పేది. "నేను డబ్బులడిగానామ్మా? గిన్నె పట్రా" అనేదామె. అట్లా ఎన్ని గిన్నెలు నింపిందో మేము లెక్క పెట్టలేదు, ఆమె అసలే పెట్టలేదు. నా పిల్లలు ఏపుగా పెరిగింది నా జీతంతో కాదు, ఆమె చేపలతో. ఈ మాట ఎవరి ముందైనా చెబుతాను.

భర్త కలరాతో పోతూ ఆమెకు మిగిల్చింది ఒక నావ. ఆ నావ మీద నాలుగు కొంపలు బతికేవి. మగవాళ్లు వేటకు వెళ్లొచ్చాక, పడ్డ చేపను ఇసుకలో పోసి పాళ్లు వేసే పని ఆమెది. నావకో పాలు, వలకో పాలు, వెళ్లిన మనిషికో పాలు. సముద్రంలో పోయినవాడుంటే, బిడ్డలు చేతికొచ్చేదాకా వాడి ఇంటికీ ఒక పాలు. ఇందులో రెండు కట్టుబాట్లున్నాయి. బడిపంతుల్ని కనుక గుర్తుపెట్టుకోమని మరీ చెబుతున్నాను. ఒకటి, ఒడ్డుకొచ్చిన సొమ్మును ఒడ్డునే పంచాలి. పంచకుండా ఎవరూ ఇంటికి తీసుకెళ్లకూడదు. రెండు, పంచినవాళ్లు అందరి తర్వాత తీసుకోవాలి.

చేపలు కాక ఆమెకు ఇంకో వ్యాపారముండేది. బందరు రేవులో ఒకప్పుడు ఉద్యోగం చేసిన దొర భార్య హార్వే దొరసానికి గవ్వల పిచ్చి. ఇక్కడున్నన్నాళ్లూ పెద్దింట్లమ్మ దగ్గర గవ్వలూ శంఖాలూ కొనేది. ఇంగ్లండు సీమకు వెళ్లిపోయాక కూడా ఆ పిచ్చి వదల్లేదు, పంపమని ఉత్తరం రాసింది. పెద్దింట్లమ్మ ఐదుగురు ఆడవాళ్లను కూడగట్టింది. సముద్రం వెనక్కి తీసినప్పుడు వాళ్లు తడి ఇసుకలో దేవులాడి, పగుళ్లూ పెచ్చులూ లేనివి ఏరి, ఊకలో పొదిగి పెట్టెల్లో సర్దేవారు. ఉత్తరాలు రాయడం నా వంతు. డబ్బు మద్రాసులో ఒక కంపెనీ ద్వారా రూపాయల్లో మనియార్డరుగా వచ్చేది. వచ్చిన రోజే ఇసుకలో పంచుకునేవారు. నేను మాత్రం ఏమీ తీసుకునేవాణ్ణి కాదు. తిన్న చేపలకు అదైనా చెయ్యకపోతే మనిషినే కాదు.

ముప్పై మూడో సంవత్సరంలో దొరసానికి ఒంట్లో బాగా లేకుండా పోయింది. రెండేళ్లుగా పంపిన గవ్వలకు ఆమె ఇంకా డబ్బివ్వలేదు. అవన్నీ ఏదో మ్యూజియానికి ఇచ్చేసి, తన లెక్క ఒక్కసారే తీర్చేద్దామనుకుంది కాబోలు, కంపెనీ ఊసు లేకుండా ఒక రిజిస్టరు కవర్లో ఒకే ఒక్క నోటు పెట్టి పంపింది. వంద పౌన్ల ఇంగ్లీషు నోటు.

ఆ రోజున నేను ఊళ్లో లేను. గుడివాడలో మా చెల్లెలి కూతురి పెళ్లి పెద్దరికం వెలగబెడుతున్నాను. తిరిగి రాగానే రత్నకుమారి నా చేతిలో ఒక కాగితప్పేలిక పెట్టింది.

"మీ పాలట. పెద్దింట్లమ్మ చేపతోపాటు ఇచ్చి వెళ్లింది. ఉత్తరాలు రాసినందుకు మాస్టారికీ ఒక పాలు వేశాం, ఈసారి కాదంటే ఊరుకోనని చెప్పమంది."

రెండు వేళ్ల వెడల్పున్న తెల్లకాగితం. ఒక పక్కే అచ్చు, రెండో పక్క ఖాళీ. అచ్చులో వంకీలు తిరిగిన ఇంగ్లీషు అక్షరాలు సగం సగం తెగి ఉన్నాయి. దీపం దగ్గర పెట్టి చదివాను. అది నోటును తెగ్గోసిన ముక్క. మరునాడు బడికి సెలవు పెట్టి, ఎండలో మంగినపూడి దాకా తిట్టుకుంటూ నడిచాను.

పెద్దింట్లమ్మ ఇసుకలో కూర్చుని వలకు చిరుగులు కుడుతోంది. నేను చెరిగిపారేశాను. నోటు కోసేవాళ్లు లోకంలో ఎక్కడైనా ఉన్నారా, నేనొచ్చేదాకా ఆగకూడదా, డబ్బు మార్చే షరాబుకిస్తే రూపాయలొచ్చేవి కదా, ఇప్పుడది చిత్తుకాగితం కదా అని నోటికొచ్చినట్టల్లా అరిచాను. ఆమె సూది ఆపి అంతా విన్నది.

"తపాలాయన ఇది సీమ డబ్బన్నాడండీ. డబ్బన్నాక పంచకుండా ఇంటికెట్టా తీసుకెళ్తాం మాస్టారూ? మీరేమో ఊళ్లో లేరు. పెద్ద చేప పడితే కోసి పంచమా? అట్టాగే కోశాను. ఒకళ్లకెక్కువా ఒకళ్లకు తక్కువా కాకుండా వల కన్ను కొలిచే బద్ద పెట్టి మరీ కోశానండీ."

పైగా ఆ వెదురుబద్ద తీసి చూపించింది. ఐదుగురు ఆడవాళ్లకు ఐదు పేలికలు, నాకొకటి. కిందటేడు ఆ నావ మీదే వేటకెళ్లి, సముద్రంలో పడి తిరిగిరాని రాంబాబు పాలు ఒకటి. దాన్ని అతని పెళ్లాం ముత్యాలమ్మకు ఇచ్చారు. చంటిబిడ్డతో నాగాయలంకలో పుట్టింట ఉంటున్న ఆ పిల్ల, పాలు పుచ్చుకోవడానికి వచ్చి వెళ్లిందట. ఆఖరి పేలిక పెద్దింట్లమ్మది.

అంతటితో పోయినా బాగుండేది. ఆ ఐదుగురిలో ఒకావిడ మొగుడు అంకమ్మరావు తన ఇంటి పేలిక పట్టుకుని బందరు షరాబు దగ్గరికెళ్లి, దీనికెంతిస్తావని అడిగాడు. షరాబు పొట్ట పట్టుకు నవ్వి, ఆ కబురు బజారంతా చాటాడు. వంద పౌన్లు కాస్తా రెండు వీధులు దాటేసరికి వెయ్యి పౌన్లయ్యాయి. మరి నాలుగు రోజులకు ఆదాయపు పన్ను ఆఫీసుకు చేరాయి.

పెద్దింట్లమ్మ పేర నోటీసు వచ్చింది. నేనే చదివి చెప్పాను. విచారిస్తే సీమ నుంచి వంద పౌన్ల ఆదాయం వచ్చినట్టు తేలింది, రూపాయల్లోకి మారిస్తే అది పదమూడు వందలు దాటుతుంది, వెయ్యి దాటిన ఆదాయానికి పన్ను కట్టాలి, లెక్క చూపనందుకు జరిమానా ఎందుకు వెయ్యకూడదో ఆఫీసరు బందరు క్యాంపుకు వచ్చినప్పుడు హాజరై చెప్పుకోవాలి. కట్టకపోతే ఆస్తి జప్తు. ఆమె ఆస్తల్లా ఆ నావే.

"నావ తీసుకెళ్తారా?" అంది. అంతవరకు ఆమె గొంతులో బెదురు నేనెరగను. "నేను కూలికైనా పోతానండీ. దాని మీద నాలుగిళ్ల గంజి ఉంది."

కడదామంటే డబ్బేదీ? నోటు ముక్కలై ఎనిమిది చోట్ల ఉంది. ఖర్చుపెట్టడానికి కాగితప్పేలిక, పన్నుకు మాత్రం నిండు వంద పౌన్లు.

బ్యాంకుకు వెళ్లాను. అక్కడి ఏజెంటు పట్టాభిరామయ్యగారు మా బడిలో చదివినవాడే. నా పేలికను కళ్లజోడెత్తి చూశాడు, దించి చూశాడు.

"దొంగల భయానికి నోటు సగానికి కోసి రెండు తపాలాల్లో పంపడం మామూలేనండీ. రెండు సగాలూ కలిస్తే డబ్బిస్తాం. ఎనిమిది ముక్కలు మాత్రం నా సర్వీసులో చూడలేదు."

"ఎనిమిదీ తెస్తే?"

"నంబరు కుదిరి, ఒక్క ముక్క కూడా తగ్గకపోతే మద్రాసు పంపి చూస్తాను. ఒక్కటి తగ్గినా నేను చెయ్యగలిగింది లేదు మాస్టారూ. ఇంకో సలహా చెబుతాను, వినండి. అతికించకముందే ఆ ముక్కలన్నీ పన్ను ఆఫీసరుకు చూపించండి. ఎవరి పాలు వాళ్ల చేతే చూపించండి."

ఆ సలహా ఇచ్చినందుకు ఆ కుర్రవాడు చల్లగా ఉండాలి. బడిలో నేనతన్ని చాలాసార్లు బెంచీ ఎక్కించాను. అదేమీ మనసులో పెట్టుకోలేదు.

మంగినపూడిలోని పేలికలు ఒక్క పూటలో పోగయ్యాయి. ఒకావిడ పసుపు డబ్బాలో దాచింది, ఒకావిడ ఇంటి కప్పులో తాటాకుల మధ్య దోపింది. అంకమ్మరావు తన పేలికను తలపాగా మడతలోంచి తీస్తూ నేల చూపులు చూశాడు. అతన్ని ఎవరూ ఒక్క మాట అనలేదు. నేను అందామని నోరు తెరిస్తే పెద్దింట్లమ్మ కళ్లతోనే వారించింది. ఇక నాగాయలంక పేలిక మిగిలింది. దానికోసం పెద్దింట్లమ్మ తనే బయల్దేరింది. పులిగడ్డ రేవులో ఏరు దాటి, దివిసీమలో దొరికిన బండెక్కి, దొరకనిచోట నడిచి వెళ్లింది. తిరిగొచ్చేటప్పుడు పేలిక ఒక్కటే రాలేదు. ముత్యాలమ్మ వచ్చింది, ఆమె చంకలో బిడ్డా వచ్చాడు.

"పేలికేదమ్మా?" అన్నాను.

ముత్యాలమ్మ బిడ్డ మెడలోని రాగి తాయెత్తు చూపించింది. "ఇందులో చుట్టి పెట్టించానండీ. ఆళ్ల నాన్న పాలు కదా, బిడ్డ ఒంటి మీదుంటే కాచుకుంటాడని. మీకవసరమైన చోట విప్పండి. ముందే విప్పి పట్టుకురావడానికి మాత్రం మనసొప్పలేదు."

ఇంగ్లీషు బ్యాంకు నోటుకు అంతకంటే పెద్ద మర్యాద ఎక్కడైనా జరిగి ఉంటుందనుకోను.

క్యాంపు ఆఫీసు ఒక పెంకుటింట్లో. ఆఫీసరు శివరామయ్యగారు నడివయసు మనిషి, మాట తక్కువ. మేమందరం లోపలికి వెళ్లేసరికి గది చేపల వాసనతో నిండిపోయింది. గుమాస్తా ముక్కు మూసుకున్నాడు కానీ ఆఫీసరు మూసుకోలేదు. అక్కడే నాకాయన మీద కొంచెం గురి కుదిరింది.

"నోటు మీ పేరనే వచ్చిందా?" అని అడిగాడు.

"వచ్చిందండీ" అంది పెద్దింట్లమ్మ.

నేనాగలేక, "డబ్బు ఇంకా చేతికి రాకుండానే పన్నేమిటండీ? అది చెల్లుతుందో లేదో కూడా తెలీదు" అన్నాను.

"నోటు చేతికొచ్చింది కదండీ. కోసుకున్నది మీరు. సర్కారు కొయ్యలేదు. ఏ దేశపు డబ్బు వచ్చినా రూపాయల్లోకి మార్చి ఎంతో చూస్తాను. వెయ్యి దాటితే పన్ను వేస్తాను. నా చేతిలో ఉన్నది అంతే." ఆయన పెద్దింట్లమ్మ వైపు తిరిగాడు. "కానీ ఆదాయం ఎవరిదో ముందు తేలాలి. ఇది మీ ఒక్కరి వ్యాపారమా? తక్కినవాళ్లు మీ దగ్గర కూలికి పనిచేశారా?"

"కూలేందండీ? ఎవరేరిన గవ్వలు వాళ్లవే. పెట్టె మటుకు నా పేరన పోయేది, అంతేనండీ. వచ్చింది వచ్చినట్టు ఒడ్డునే పంచుకున్నాం."

"పంచుకున్నట్టు ఆధారమేముంది?"

పట్టాభిరామయ్యగారు చెప్పినట్టే చేశాం. ఒక్కొక్కరే వచ్చి, పేరు చెప్పి, తమ పేలికను బల్ల మీద పెట్టారు. శివరామయ్యగారు లేచి నిలబడి వాటిని ఒకదాని పక్కన ఒకటి చేర్చుకుంటూ పోయాడు. తెగిన అక్షరాలు ఒకదాన్నొకటి అందుకున్నాయి. నా పేలిక పెట్టినప్పుడు, "మీకు జీతమెంతండీ? ఇది దానికి కలపాలి" అన్నాడు. చెప్పాను. ఆయన మనసులో కూడుకుని, "పర్వాలేదు, దాటలేదు" అన్నాడు. తక్కువ జీతం ఇస్తున్నందుకు మిషనువారికి నేను కృతజ్ఞత చెప్పుకున్నది ఆ ఒక్కరోజే.

ముత్యాలమ్మ వంతు వచ్చింది. బిడ్డ మెడలోంచి తాయెత్తు తీసి, కుదురైన చేతులతో ఆఫీసరుకు అందించింది. ఆయన చిన్న చాకుతో రాగి అంచు విప్పి, చుట్టిన కాగితాన్ని మెల్లగా బయటికి లాగాడు.

"ఈ అమ్మాయి కూడా గవ్వలేరిందా?"

"లేదండీ" అంది పెద్దింట్లమ్మ. "ఇది ఆమె పెనిమిటి పాలు. సముద్రంలో పోయాడు. పోయినవాడికీ పాలుంటుందండీ మాకు."

ఆయన ఆ పేలికను చాలాసేపు చేత్తో సాపు చేశాడు. తర్వాత దాన్ని దాని చోట చేర్చాడు. ఏడు పేలికలూ కలిసేసరికి నోటు దాదాపు నిండిపోయింది. నంబరూ ఉంది, సంతకమూ ఉంది, అచ్చంతా ఉంది.

"మీదమ్మా?" అన్నాడు పెద్దింట్లమ్మతో.

ఆమె చెంగు ముడి విప్పి తన పాలు బల్ల మీద పెట్టింది. చిటికెన వేలిలో సగం వెడల్పు లేదు. దాని మీద ఒక్క అక్షరం లేదు, ఒక్క గీత లేదు. నోటు అంచున వదిలేసిన తెల్ల కాగితం, అంతే. బద్ద పెట్టి ఏడు పాళ్లు సమానంగా కోశాక, చివర మిగిలింది అదే. పంచినవాళ్లు చివర తీసుకోవాలి కనుక తీసుకుంది.

నాకు ఆ పాటి చదువుండీ, ఆమె పాలు ఏదని అంతవరకు అడగాలని తోచలేదు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి, దాచుకోలేదు కూడా.

"ఇందులో ఏమీ లేదని మీకు తెలుసా?" అన్నాడు శివరామయ్యగారు. నోటీసు మీద ఉన్న దర్పం ఆ గొంతులో లేదు.

"అచ్చు ఉన్నకాడే డబ్బుంటుందని తెలుసండీ. అదేం పెద్ద సంగతి? ఇంకోసారి మంచి చేప పడుద్ది."

ఆయన కూర్చుని కలం తీశాడు. ఎవరి ఆదాయం వారిదే, ఒక్కరిదీ వెయ్యి దాటలేదు, పన్ను లేదు, జరిమానా లేదు అని రాసి, మాకు పైకి చదివి వినిపించాడు. పెద్దింట్లమ్మ పేరుకు ఎదురుగా మాత్రం ఆదాయం లేదని రాశాడు. తర్వాత లేచి నిలబడి, నావ జోలికి ఎవరూ రారమ్మా, వెళ్లిరండి అన్నాడు. ఆఫీసర్లు జాలర్లకు లేచి నిలబడడం నేను అంతకుముందు చూడలేదు. శివరామయ్యగారి పిల్లాపాపా ఎక్కడున్నా చల్లగా ఉండాలి.

పట్టాభిరామయ్యగారు దగ్గర కూర్చుని ఎనిమిది ముక్కలూ పల్చటి కాగితం మీద అతికించాడు. ఆ తెల్ల అంచు కూడా అతికిస్తేనే నోటు పూర్తయింది. అది లేకపోతే మద్రాసువాళ్లు తిప్పికొట్టేవారని ఆయనే అన్నాడు. కొన్ని నెలలకు రూపాయలొచ్చాయి. ముత్యాలమ్మ బిడ్డ తాయెత్తులోకి ఈసారి నాన్న వేటకెళ్లిన నావ తాడులోంచి ఒక పోగు తీసి పెట్టారు.

రూపాయల సంచి పట్టుకుని నేను నేరుగా మంగినపూడి వెళ్లాను. అందరూ ఇసుకలో కూర్చున్నారు. పెద్దింట్లమ్మ పాళ్లు వెయ్యడానికి చెయ్యి చాపితే సంచి ఇవ్వలేదు.

"ఈసారి పంచేది నేను" అన్నాను. "కట్టుబాటు నాకూ తెలుసు. చివర తీసుకునేదీ నేనే."

రత్నకుమారికి చెప్పే వచ్చాను. చివర మిగిలినదే తెమ్మని ఆమే అంది. తువ్వాలు పరిచి ఎనిమిది కుప్పలు పోశాను. ఎంత జాగ్రత్తగా పోశానంటే, పిల్లల పరీక్ష మార్కులు కూడా అంత జాగ్రత్తగా ఎప్పుడూ వెయ్యలేదు. పోశాక, "పెద్దింట్లమ్మా, ముందు నువ్వు తీసుకో" అన్నాను.

ఆమె లేవలేదు. తువ్వాలు వంకా, మా అందరి వంకా చూసింది. అంకమ్మరావు తల తిప్పుకున్నాడు. ముత్యాలమ్మ, "తీసుకో పిన్నీ" అంది.

"ముందు తీసుకోవడం ఎట్టాగో నాకు తెలవదు మాస్టారూ" అంది పెద్దింట్లమ్మ.

మేమెవరమూ కదల్లేదు. ఎంతసేపైనా సరే, ఆమె తీసుకునేదాకా అక్కడే కూర్చుందామనుకున్నాం. చివరికి ఆమె చెంగు సర్దుకుని, తనకు దగ్గర్లో ఉన్న కుప్పను రెండు చేతులతో ఎత్తుకుంది.